పాత బాత్ టబ్బు ఉంచాలా? తీసేయాలా?
(పెద్దవాళ్లున్న ఇంటివారు తప్పక ఆలోచించవలసిన విషయం)

పెద్ద వయసువారు ఇంట్లో జారిపడ్డారంటే "ఎక్కడ?" అని అడగకముందే మనకు బాత్ రూం గుర్తుకు వస్తుంది. తడి నేల, సబ్బు నురగ, నున్నటి టైల్సు, చేతికి ఆసరా లేని గోడ, ఇవన్నీ ఒక్కచోట చేరేది అక్కడే. దానికి తోడు మోకాలి ఎత్తు గోడ దాటి లోపలికి దిగవలసిన టబ్బు కూడా ఉంటే ప్రమాదం మరింత పెరుగుతుంది.

పడిపోవడం చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఇలా చనిపోయేవారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ.

మన ప్రాంతంలో బకెట్టు, చెంబు ఉన్నన్ని ఇళ్లలో టబ్బులు లేవన్నది నిజమే. కాని పాత బంగళాలలో, కొన్ని కంపెనీ క్వార్టర్లలో, ఇరవై ముప్ఫై ఏళ్ల క్రితం ముచ్చటపడి కట్టించుకున్న ఇళ్లలో టబ్బు, దానిపైన షవరు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకైతే చాలా ఇళ్లలో ఎదురయ్యేది అదే. అందువల్ల ఈ వ్యాసం రెండు రకాల కుటుంబాలకూ ఉపయోగపడుతుంది. టబ్బు లేనివారికి కూడా ఇందులోని చాలా సంగతులు పనికివస్తాయి.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

టబ్బు అంచు సాధారణంగా 14 నుంచి 20 అంగుళాల ఎత్తు ఉంటుంది. దాన్ని దాటాలంటే ఒక కాలు పైకెత్తి, రెండవ కాలి మీద శరీర బరువంతా మోపి, కొన్ని క్షణాలు ఒంటికాలిపై నిలబడాలి. వయసులో ఉన్నవారికి ఇది లెక్కలోనికి రాదు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి, పక్షవాతం వచ్చి తగ్గినవారికి, పార్కిన్సన్ జబ్బు ఉన్నవారికి అదే పెద్ద పరీక్ష.

లోపలికి దిగేటప్పటికన్నా బయటికి వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అప్పటికి కాళ్లు తడిసి ఉంటాయి. వేడినీళ్లకు చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు కొంత తగ్గుతుంది. బీపీ మాత్రలు, ప్రోస్టేటు మాత్రలు వాడేవారికి ఒక్కసారిగా లేచినప్పుడు కళ్లు తిరగవచ్చు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి కాలు ఎక్కడ పడిందో సరిగా తెలియదు. కంటిలో శుక్లాలు ఉన్నవారికి తెల్ల టైల్సు పక్కన తెల్ల టబ్బు అంచు ఎక్కడ మొదలైందో కనబడదు. ఎముకలు గుల్లబారినవారు ఆ అంచు మీద పడితే తుంటి గాని, మణికట్టు గాని, పక్కటెముకలు గాని విరగవచ్చు.

ముందు మనిషిని చూడండి, తరువాత టబ్బును

"టబ్బు పాతబడింది, మారుద్దామా?" అన్నది రెండవ ప్రశ్న. "దీన్ని వాడేది ఎవరు?" అన్నది మొదటి ప్రశ్న. ఈ క్రింది వాటికి నిదానంగా జవాబులు రాసుకోండి.

1. గత సంవత్సర కాలంలో ఆ వ్యక్తి ఒక్కసారైనా పడ్డారా, లేక పడబోయి ఆపుకున్నారా?
2. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా?
3. పక్కన మీరు నిలబడి ఉండగా, ఒంటికాలి మీద 5 సెకన్లు నిలబడగలరా? (ఈ పరీక్షను పొడినేల మీద, పట్టుకోవడానికి గట్టి ఆసరా ఉన్నచోట మాత్రమే చేయండి.)
4. స్నానానికి వెళ్లేటప్పుడు తువ్వాలు కడ్డీనో, కుళాయినో, షవరు తెరనో పట్టుకుంటున్నారా?
5. ఈ మధ్య స్నానం వాయిదా వేస్తున్నారా? "ఇవాళ ఒళ్లు తుడుచుకుంటానులే" అనడం ఎక్కువైందా?
6. మూర్ఛ జబ్బు ఉందా? ఉంటే టబ్బులో నీళ్లు నింపి స్నానం చేయడం అసలు మంచిది కాదు.
7. ఇంట్లో పసిపిల్లలు ఉన్నారా? రెండు మూడు అంగుళాల నీళ్లు కూడా పసిబిడ్డ ప్రాణానికి ముప్పే. టబ్బుకే కాదు, బకెట్టుకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఐదవ ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. చాలామంది పెద్దవాళ్లు జారిన సంగతి పిల్లలకు చెప్పరు. "చెబితే కంగారుపడతారు, నా కోసం ఉద్యోగానికి సెలవు పెడతారు, తలుపు వేసుకోనివ్వరు" అని దాచుకుంటారు. భయం మాత్రం లోపల ఉంటుంది. స్నానం తగ్గిస్తారు. మాటిమాటికీ బాత్ రూంకు వెళ్లవలసి వస్తుందని మంచినీళ్లు తాగడం కూడా తగ్గిస్తారు. దానివల్ల మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షను, నీరసం వస్తాయి. నీరసం వల్ల పడిపోయే అవకాశం మళ్లీ పెరుగుతుంది.

అందుచేత "ఎందుకు స్నానం చేయడం లేదు?" అని గద్దించకుండా, "నాన్నగారూ, ఆ అంచు దాటడం కష్టంగా ఉందా? ఎక్కడ పట్టుకుంటే బాగుంటుందో చూపించండి" అని అడగండి. కొడుకు చేతో, కోడలి చేతో స్నానం చేయించుకోవడానికి ఇష్టపడని పెద్దవాళ్లు ఎందరో ఉంటారు. బాత్ రూంలో చేసే మార్పు ఎముకలను కాపాడడంతో పాటు తన పని తాను చేసుకుంటున్నానన్న మర్యాదను కూడా వారికి నిలబెడుతుంది. నిర్ణయం మీది మాత్రమే కాకూడదు, వారిది కూడా కావాలి.

టబ్బు పరిస్థితి ఎలా ఉంది?

ఇప్పుడు టబ్బును పరీక్షించండి. పగటి వెలుతురులో, టబ్బు పొడిగా ఉన్నప్పుడు చూడాలి.

* అడుగున నిలబడితే కదులుతోందా, వంగుతోందా, కిరకిరమని చప్పుడు వస్తోందా? ఫైబరు లేదా యాక్రిలిక్ టబ్బు అయితే కింద ఆధారం పోయి ఉండవచ్చు.
* పగులు ఉందా? జుట్టు మందం పగులు నుంచి కూడా నీరు కిందికి దిగుతుంది. కింది గది పైకప్పు మీద మరక ఉంటే ఆలస్యం చేయవద్దు.
* ఇనుప టబ్బు అయితే ఎనామిల్ పెచ్చులూడి తుప్పు బయటపడిందా? ఆ అంచులు కోసుకుంటాయి. షుగరు ఉన్నవారికి పాదం మీద చిన్న గాయం కూడా పెద్ద పుండు కావచ్చు.
* గోడకు, టబ్బుకు మధ్య అతుకు నల్లబడి ఊడిపోతోందా? టబ్బు గట్టిగా ఉండి అతుకు మాత్రమే పాడైతే, పాతది గీకేసి, బాగా ఆరనిచ్చి కొత్త సిలికాన్ సీలు వేయిస్తే సరిపోతుంది. దానికోసం టబ్బు మార్చనక్కరలేదు.
* అడుగు గరుకుగా, ఎంత తోమినా మరకగా ఉందా? బోరు నీళ్ల తెల్లటి పొర కావచ్చు, లేదా ఏళ్ల తరబడి యాసిడ్ పోయడం వల్ల మెరుగు పోయి ఉండవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బాత్ రూం కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపవద్దు. ఒకటి పోసి కడగకముందే రెండవది పోయవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

వాడని టబ్బు కూడా ప్రమాదమే. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో చాలామంది టబ్బును నీళ్లు నిలవ చేసే తొట్టిగా వాడుతుంటారు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీటిలోనే. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకసారి టబ్బును పూర్తిగా ఖాళీ చేసి, పక్కలు బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టాలి. ఇది కుదరదనుకుంటే ఆ టబ్బు తీసేయడానికి అది ఒక్క కారణం చాలు.

మీ ముందున్న నాలుగు దారులు

మొదటిది: టబ్బు అలాగే ఉంచి ఆసరాలు అమర్చడం. ఖర్చు తక్కువ, ఒక్క రోజు పని. లోపలికి దిగేచోట నిలువుగా ఒకటి, పొడుగు గోడ మీద అడ్డంగా ఒకటి పట్టుకునే కడ్డీలు కావాలి. అడ్డం కడ్డీ నేల నుంచి సుమారు 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, గోడకు అంగుళంన్నర ఎడంగా ఉండాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం ఇలాంటి కడ్డీ 250 పౌన్ల బలాన్ని, అంటే సుమారు 113 కిలోల బరువును తట్టుకోవాలి. తువ్వాలు కడ్డీ అంత బరువు ఆపదు. గోడకు రబ్బరు కప్పులతో అతుక్కునే పిడులను కూడా నమ్మవద్దు. అవి ఊడేది మనం బరువు వేసినప్పుడే. అడుగున రబ్బరు చాప, కూర్చోవడానికి ప్రత్యేకమైన బల్ల, చేతితో పట్టుకునే షవరు ఉంటే ఇంకా మంచిది. ఆ బల్లకు రెండు కాళ్లు టబ్బు లోపల, రెండు బయట ఉంటాయి. బయట కూర్చుని, మెల్లగా జరుగుతూ ఒక్కొక్క కాలే లోపలికి వేయవచ్చు. ఒంటికాలిపై నిలబడే అవసరం ఉండదు.

రెండవది: పైపూత వేయించడం. టబ్బు గట్టిగా ఉండి, మెరుగు మాత్రమే పోయినప్పుడు ఇది పనికివస్తుంది. అయితే ఇది అందానికే తప్ప భద్రతకు కాదు. అంచు ఎత్తు అంగుళం కూడా తగ్గదు. పైగా పాత పూతను తీసే రసాయనాలు ప్రమాదకరమైనవి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న ద్రావకాన్ని గాలి ఆడని బాత్ రూములలో వాడి, అమెరికాలో 2000 - 2011 సంవత్సరాల మధ్య కనీసం 13 మంది టబ్బు పనివారు చనిపోయారు. పని జరిగేటప్పుడు కిటికీలు తెరిపించండి. ఉబ్బసం ఉన్నవారిని, పిల్లలను, గర్భిణీలను వాసన పోయేదాకా వేరేచోట ఉంచండి.

మూడవది: పాతది తీసి కొత్త టబ్బు పెట్టించడం. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండి, పాతది పగిలిపోతే సరే. పెద్దవాళ్ల కోసమే అయితే డబ్బు పెట్టి పాత ప్రమాదాన్ని కొత్తగా కొన్నట్లే. పక్కన తలుపు ఉండే టబ్బులు కూడా విదేశాలలో దొరుకుతున్నాయి. వాటిలో ముందు లోపల కూర్చుని, తలుపు మూశాకే నీళ్లు నింపాలి. నీళ్లన్నీ పోయాకే తలుపు తెరవాలి. అంతసేపు తడి ఒంటితో చలిలో కూర్చోగలరా అన్నది కొనేముందే ఆలోచించాలి.

నాలుగవది: టబ్బు తీసేసి, గడప లేకుండా చదునైన స్నానపు చోటు చేయించడం. నడక తడబడేవారికి, చక్రాల కుర్చీ వాడేవారికి అన్నిటికన్నా మంచిది ఇదే. మన అలవాటుకు కూడా సరిపోతుంది. బల్ల మీద కూర్చుని, బకెట్టు ఎత్తు పీట మీద పెట్టుకుంటే వంగే పని ఉండదు. నీళ్లు కూడా ఆదా అవుతాయి. టబ్బు నింపాలంటే 150 లీటర్లు, ఆ పైన కావాలి. బకెట్టు స్నానానికి 20 - 30 లీటర్లు చాలు. ఇబ్బందల్లా ఖర్చు, దుమ్ము, పని జరిగే రోజులు.

మేస్త్రీకి ముందే చెప్పవలసినవి

టబ్బు తీయించాలని నిర్ణయించుకుంటే ఈ మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి.

* నేల వాలు మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉండాలి. వాలు తక్కువైతే నీరు నిలిచి పాచి పడుతుంది, ఎక్కువైతే కాలు జారుతుంది.
* నేలకు నిగనిగలాడే టైల్సు వద్దు. జారని గరుకు రకం వేయాలి. నేల, గోడ ఒకే రంగులో కాకుండా తేడా తెలిసేలా ఉండాలి.
* అపార్ట్‌మెంటు అయితే బాత్ రూం కింద స్లాబు పల్లంగా ఉండి, లోపల ఇటుక ముక్కలతో నింపి ఉంటుంది. టబ్బు తీసినప్పుడు వాటర్ ప్రూఫింగ్ కొత్తగా చేయించాలి. టైల్సు వేయకముందు నీళ్లు కట్టి 48 గంటలు ఉంచి, కింది ఇంట్లో చెమ్మ దిగుతుందేమో చూడాలి.
* ఇప్పుడు అవసరం లేకపోయినా కడ్డీలు బిగించే చోట గోడ గట్టిగా ఉండేలా కట్టించాలి.
* తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి నెట్టడం కుదరదు. గడియ బయటినుంచి కూడా తీయగలిగే రకం పెట్టించండి.
* పడకగది నుంచి బాత్ రూం దాకా రాత్రి చిన్న లైటు వెలుగుతూ ఉండాలి.

పని జరిగే రోజుల్లో పెద్దవాళ్లు ఎక్కడ స్నానం చేస్తారో ముందే ఏర్పాటు చేసుకోండి. తుంటి ఆపరేషను అయినవారు ఉంటే డిశ్చార్జి తేదీ తెలిసిన రోజునే బాత్ రూం సంగతి చూసుకోవాలి. తుంటి కీలు మార్చిన తరువాత కొంతకాలం బాగా కిందికి కూర్చోవద్దని డాక్టరుగారు చెప్పవచ్చు. అలాంటప్పుడు టబ్బు అడుగున కూర్చోకూడదు, చిన్న పీట మీద కూడా కూర్చోకూడదు.

వేడినీళ్లు, కరెంటు, గ్యాసు

టబ్బు మార్చినా మార్చకపోయినా వీటిని మాత్రం చూడాలి. 60 డిగ్రీల నీళ్లు దాదాపు 5 సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలవు. అదే 49 డిగ్రీల దగ్గర చాలా నిమిషాలు పడుతుంది. వృద్ధుల, పసిపిల్లల చర్మం ఇంకా పలచన. ఎప్పుడూ ముందు చన్నీళ్లు పట్టి, తరువాత వేడినీళ్లు కలపండి. షుగరు వల్ల తిమ్మిర్లు ఉన్నవారు కాలితో కాక మోచేతితో వేడి చూసుకోవాలి, లేదా ఇంకొకరిచేత చూపించుకోవాలి. పాత షవరు కుళాయిలలో మరొక చిక్కు ఉంది. ఇంకొకచోట ఎవరైనా నీళ్లు వదిలితే చన్నీటి ఒత్తిడి పడిపోయి, షవరు నుంచి ఒక్కసారిగా మరిగే నీళ్లు వస్తాయి. దీన్ని ఆపే కుళాయిలు ఇప్పుడు దొరుకుతున్నాయి. టబ్బు ఉంచినా కుళాయి మార్చుకోవచ్చు.

గీజరుకు ఎర్తింగు, మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే ఆర్.సి.సి.బి. స్విచ్చి ఉండాలి. హీటరు రాడ్డు వాడేవారు ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లలో చేయి పెట్టాలి. గ్యాసు గీజరును బాత్ రూం లోపల పెట్టించవద్దు. దానినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలుపులు మూసిన గదిలో అది మనిషిని స్పృహ తప్పించి చంపేస్తుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవారికి

అక్కడ సాధారణంగా 60 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు టబ్బు, దాని పైనే షవరు, పక్కన తెర ఉంటాయి. చాలా ఇళ్లలో టబ్బు బయట నేలకు తూము ఉండదు. అందువల్ల బయట నిలబడి చెంబుతో పోసుకుంటే నీరు కింది అంతస్తుకు దిగుతుంది. తెర అంచును టబ్బు లోపలికి వేసుకోవాలి. ఆ తెరను గాని, దాని కడ్డీని గాని ఆసరాగా పట్టుకోకూడదు.

పిల్లలూ, అమ్మానాన్నలు రాకముందే కడ్డీలు, రబ్బరు చాప, కూర్చునే బల్ల సిద్ధం చేయండి. అద్దె ఇల్లు అయితే గోడకు రంధ్రాలు వేసేముందు యజమాని అనుమతి తీసుకోండి. కుదరకపోతే ఆ బల్ల ఒక్కటైనా కొనండి. దానికి గోడతో పని లేదు. ఆరు నెలలు ఉండి వెళ్లేవారి కోసం టబ్బు పగలగొట్టించనక్కరలేదు. దీర్ఘకాలం ఉండబోయేవారైతే తీసేయడం గురించి ఆలోచించండి.

మరి నిర్ణయం ఎలా?

రెండు కుటుంబాలను ఊహించుకుందాం. మొదటి ఇంట్లో అమ్మగారికి 66 ఏళ్లు, చక్కగా నడుస్తారు, ఎన్నడూ పడలేదు. టబ్బు మరకలు పట్టి పాతగా ఉంది గాని గట్టిగానే ఉంది. వీరు రెండు కడ్డీలు, చాప, చేతి షవరు పెట్టించుకుని మిగిలిన డబ్బు కంటి ఆపరేషనుకు దాచుకోవడం తెలివైన పని.

రెండవ ఇంట్లో నాన్నగారికి 78 ఏళ్లు, షుగరు ఉంది, పాదాలకు స్పర్శ లేదు, ఆరు నెలల్లో రెండుసార్లు జారారు. వారి టబ్బు మూడేళ్ల క్రితం కొన్నది, ఇంకా మెరుస్తోంది. అయినా సరే, తీసేయవలసింది ఆ కొత్త టబ్బే. డబ్బు సమకూరేదాకా టబ్బు స్నానం మాని, వేరేచోట కుర్చీ మీద కూర్చోబెట్టి స్నానం చేయించాలి. రెండుసార్లు ఎందుకు జారారో డాక్టరుగారికి చూపించాలి. మాత్రల మోతాదు, కంటి చూపు, పడుకున్నప్పుడు నిలబడినప్పుడు బీపీ, ఇవన్నీ పరీక్షించవలసినవే. కొత్త నేల వేయించినంత మాత్రాన కళ్లు తిరగడం ఆగదు.

అంటే టబ్బు వయసును బట్టి కాక, దాన్ని వాడే మనిషి బలాన్ని బట్టి నిర్ణయం తీసుకోవాలి. పగిలి నీరు కారుతున్నా, తుప్పు తేలినా, వాడే మనిషి దాన్ని దాటలేకపోతున్నా తీసేయండి. ఈ మూడూ లేకపోతే ఆసరాలు అమర్చి ఉంచుకోండి, ఏడాదికొకసారి పైన చెప్పిన ఏడు ప్రశ్నలు మళ్లీ వేసుకోండి.

ఈసారి మీ పెద్దవాళ్లను చెకప్‌కు తీసుకువచ్చినప్పుడు వారు వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారో, ఎన్నిసార్లు పడబోయారో వారినే డాక్టరుగారికి చెప్పనివ్వండి. ఇక ఇవాళ సాయంత్రం చేయగలిగిన పని ఒకటుంది: బాత్ రూంలోకి వెళ్లి, తువ్వాలు కడ్డీని గట్టిగా ఒకసారి లాగి చూడండి. అది కదిలితే, మీ అమ్మగారో నాన్నగారో రోజూ దేన్ని నమ్ముకుని స్నానం చేస్తున్నారో మీకు తెలుస్తుంది.